పంపిన బిల్లు చేరిందా, వదినగారూ?

ఆవకాయ పెట్టడం వచ్చినంత మాత్రాన అమ్మడం కూడా వచ్చేస్తుందనుకుంటే పొరపాటేనండీ. కాయ ఎంచుకోవడం, ముక్క కొట్టించి తుడవడం, ఆవపిండీ కారమూ పాళ్ళు కలపడం ఇవన్నీ మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. కానీ డబ్బు అడిగే బిల్లు అవతలివాళ్ళకి చేర్చడం మాత్రం నలభై దాటాక, నా ఇంటర్మీడియట్ చదువుతో, కిందా మీదా పడి నేర్చుకున్నాను. ఆ సంగతే ఈ వారం మీతో చెప్పుకుందామని. ఇంట్లో కూర్చుని పచ్చళ్ళో, పొడులో, చీరలో, జాకెట్ల మీద వర్కో చేసి పైఊళ్ళకు పంపే సోదరీమణులు ఇప్పుడు వీధికి ఇద్దరున్నారు కదా!

మాది తెనాలి. మొదట్లో లెక్కలన్నీ నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. ఆర్డర్లు పెరిగాక, 2022లో నెలనెలా అద్దె కట్టి వాడుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకున్నాం. అది మన కంప్యూటర్లో ఉండదు. ఆ కంపెనీ వాళ్ళ దగ్గరే ఉంటుంది, మనం ఇంటర్నెట్‌లో లాగిన్ అయి వాడుకుంటాం. ఆర్డరు ఎక్కిస్తే బిల్లు తయారవుతుంది. ఒక బటన్ నొక్కితే ఆ బిల్లు మా కొట్టు పేరుతో ఉన్న ఈమెయిల్ నుంచి వెళ్ళినట్టు కొన్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. పక్కన ఆకుపచ్చ టిక్కు పడి 'పంపబడింది' అని వస్తుంది. ఆ టిక్కు చూసి నేను నిశ్చింతగా ఉండేదాన్ని.

2024 మే నెలలో హైదరాబాదు నుంచి ఒక పెళ్ళివారు ఫోన్ చేశారు. సారెలో పెట్టడానికి పన్నెండు కిలోల ఆవకాయ, అయిదు కిలోలు బెల్లం ఆవకాయ, అయిదు కిలోలు మాగాయ, అన్నీ కిలో ప్యాకెట్లుగా కావాలన్నారు. "బిల్లు మెయిల్లో పంపండి వదినగారూ, మా వారు అడ్వాన్సు వేసేస్తారు" అందావిడ. పంపాను. వారమైనా డబ్బు రాలేదు. మళ్ళీ గుర్తు చేస్తూ ఒకటి, ఇంకో నాలుగు రోజులకు మరొకటి పంపాను. మూడింటికీ ఆకుపచ్చ టిక్కులే. ఇక ఫోన్ చేసి డబ్బు అడగాలంటే మొహమాటం. పెద్దింటివాళ్ళు, వద్దనుకుని ఉంటారులే అనుకుని కాయ కొనడం మానేశాను.

పెళ్ళి నాలుగు రోజులుందనగా ఆవిడే ఫోన్ చేసింది. "ప్యాకెట్లు బయల్దేరాయా?" అని! నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అడ్వాన్సు రాలేదు కదండీ" అన్నాను. "బిల్లు వస్తే కదా వదినగారూ వెయ్యడానికి! మీరు సీజన్ హడావిడిలో ఉన్నారు, సరుకుతోపాటే పంపుతారనుకున్నాం" అంది. తీరా వెతికితే నా ఉత్తరాలు మూడూ స్పామ్ అనే చెత్తబుట్టలో ఉన్నాయట. ముక్క ఊరడానికి కూడా టైము లేదు, ఇంకేం పెడతాను? పధ్నాలుగు వేల పైచిలుకు ఆర్డరు పోయింది. నాతో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళకి నాలుగు రోజుల కూలి పోయింది. అన్నిటికంటే, పెళ్ళివారి దగ్గర మాట పోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు డబ్బు రావలసిన వాళ్ళందరికీ సిగ్గు విడిచి ఫోన్ చేశాను. ముప్ఫై ఒక్క బిల్లుల్లో తొమ్మిది స్పామ్‌లో దొరికాయి. నాలుగైతే ఎక్కడా లేవు, గాలిలో కలిసిపోయాయి!

(ఈ స్పామ్ అన్న మాట ఏమిటా అని మా అమ్మాయిని అడిగాను. 1937లో అమెరికాలో వచ్చిన డబ్బా మాంసం పేరట. 1970లో ఒక బ్రిటిష్ టీవీ హాస్య కార్యక్రమంలో, హోటల్లో ఏం అడిగినా అదే వడ్డిస్తారట. అందుకని వద్దన్నా వచ్చి పడే ఉత్తరాలకు ఆ పేరు నిలిచిపోయింది. నా ఆవకాయ బిల్లుకి ఆ పేరు తగలడం నా ఖర్మ.)

"వాట్సాప్‌లో పంపేస్తే పోలా?" అన్నారు మా వారు. కొందరికి అలాగే పంపుతున్నాను లెండి. కానీ ఆఫీసులవాళ్ళ అకౌంటెంట్లకి మెయిల్లోనే కావాలి. డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్న మన పిల్లలూ మెయిలే అడుగుతారు. పైగా వాట్సాప్‌లో బిల్లు శుభోదయం పువ్వుల కింద పడి కనపడకుండా పోతుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళ హెల్ప్‌లైన్‌కి చేస్తే, "మా వైపు నుంచి వెళ్ళిపోయిందండీ మేడమ్" అన్నారు. అదీ నిజమే. ఆ టిక్కుకి అర్థం, ఉత్తరం పోస్టుడబ్బాలో వేశామని మాత్రమే. అవతలివాళ్ళ చేతికి అందిందని కాదు. రెండేళ్ళుగా నాకా తేడా తెలియలేదు.

చివరికి మా అక్క కొడుకుని పట్టుకున్నాను. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం వాడికి. "పిన్నీ, ఉత్తరం మీద నీ కొట్టు పేరుంది. కానీ మోసుకొచ్చినవాడు నీ సాఫ్ట్‌వేర్ కంపెనీవాడు. వాడు నీ మనిషేనని నువ్వెక్కడా రాసిపెట్టలేదు. గుమ్మం దగ్గర ఆపరూ మరి?" అన్నాడు. సగం బుర్రకెక్కింది. మిగతా సగం కోసం ఆదివారాలు మూడు ఖర్చయ్యాయి.

అసలు లోపం మొదట్లోనే ఉందట. ఈమెయిల్ ఉత్తరాలు చేరవేసే నియమాలు 1982లో రాశారు. అప్పట్లో వాడేవాళ్ళు కొద్దిమందే, అందరూ చదువుకున్నవాళ్ళే. అందుకని 'పంపినవారు' అన్నచోట ఎవరి పేరు రాసినా అడిగే నాథుడు లేడు. మన పోస్టుకార్డు మీద ఎవరి పేరైనా రాసి డబ్బాలో వెయ్యొచ్చు చూడండి, అలాగన్నమాట. దొంగలు దిగాక, బ్యాంకుల పేరుతో మోసపు ఉత్తరాలు మొదలయ్యాక ఒక్కొక్క తాళమే వేసుకుంటూ వచ్చారు. ఎస్పీఎఫ్ అని 2006లో, డీకిమ్ అని 2007లో, డీమార్క్ అని 2015లో లోకానికి రాసి ఇచ్చారు. వేసుకున్నవాళ్ళు వేసుకున్నారు, లేనివాళ్ళు లేదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూవాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. ఎవరు పంపినా మొదటి రెండిట్లో ఒకటైనా ఉండి తీరాలి, రోజుకి అయిదు వేలకు మించి పంపేవాళ్ళకైతే మూడూ ఉండాలి అని. నాకు అయిదు వేలెక్కడివి, రోజుకి పదిహేనొస్తే పండగే. కానీ నా దగ్గర మూడిట్లో ఒక్కటీ లేదు. మే నెలలో నా బిల్లులు ఎందుకు చెత్తబుట్టలో పడ్డాయో అర్థమైంది.

తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఈ మూడూ సాఫ్ట్‌వేర్‌లో రాసేవి కావు. మన కొట్టు పేరుకి ఇంటర్నెట్‌లో ఒక ఖాతా ఉంటుంది, డొమైన్ అంటారు. ఏడాదికింత అని కట్టి ఆ పేరు మన సొంతం చేసుకుంటాం. ఆ ఖాతాలో డీఎన్ఎస్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఈ పేరుగల వెబ్‌సైటు ఎక్కడుంది, ఈ పేరుకొచ్చే ఉత్తరాలు ఏ పెట్టెలో వెయ్యాలి అన్నవి అందులో రాసి ఉంటాయి. లోకంలో ఏ కంప్యూటరైనా వచ్చి అది చదువుకోవచ్చు, రాసే హక్కు మాత్రం ఖాతాదారుకే.

సరే, రాద్దామని కూర్చుంటే ఖాతా నాది కాదు! మాకు వెబ్‌సైటు చేసిచ్చిన కుర్రాడు పేరు తన సొంత మెయిల్ మీద కొన్నాడు. బోర్డు నాది, పట్టా అతనిది. అతను ఊరు మారాడు, ఫోను నంబరూ మార్చాడు. అతని స్నేహితుణ్ణి, ఆ స్నేహితుడి బావమరిదిని పట్టుకుని అతని ఆచూకీ తీయడానికి పదిహేడు రోజులు పట్టింది. మంచివాడు కాబట్టి, "అయ్యో ఆంటీ, మర్చేపోయాను" అని ఖాతా నా పేరుకి మార్చి ఇచ్చాడు. మంచివాడు కాకపోతే? ఏటేటా కట్టాల్సిన డబ్బు గుర్తుచేసే ఉత్తరాలు కూడా అతనికే వెళ్తున్నాయి. అతను చూసుకోకపోతే పేరే పోయేది. ఈ వ్యాసంలో మిగతాదేదీ మీకు పట్టకపోయినా సరే, మీ కొట్టు పేరు ఎవరి మెయిల్ మీద ఉందో, పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో ఈ వారమే అడిగి తెలుసుకోండి.

జాబితా, లక్క సీలు, ఉత్తర్వు

ఎస్పీఎఫ్ అంటే జాబితా. లేడీస్ హాస్టల్లో అమ్మాయిని చూడ్డానికి ఎవరెవరు రావచ్చో తల్లిదండ్రులు ముందే రాసిస్తారు కదా, ఆ చీటీ. మా పేరుతో ఉత్తరాలు పలానావాళ్ళు తేవచ్చు అని ఒక వాక్యం. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఈమెయిల్ అన్నచోట వాళ్ళే ఆ వాక్యం తయారుచేసి పెడతారు, మనం తెచ్చి డీఎన్ఎస్‌లో టెక్స్ట్ రికార్డు అన్నచోట అతికించాలి.

నేను సరిగ్గా ఇక్కడే కాలు జారాను. మా మెయిల్ పెట్టె ఇచ్చిన కంపెనీ చెప్పిన జాబితా ఒకటి తెచ్చాను, సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇచ్చింది ఇంకోటి తెచ్చాను. రెండూ పక్కపక్కనే అతికించాను. రెండు తాళాలు వేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని నా తెలివి! ఒక పేరుకి ఒకే జాబితా ఉండాలట. రెండు కనిపిస్తే రెండూ చెల్లవు. రెండు రోజులు బాగున్న ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. రెంటినీ కలిపి ఒకే వాక్యంగా రాయాలి, మొదట్లో ఒక్కసారే ఎస్పీఎఫ్ అన్న మాట, చివర్లో ఒక్కసారే 'ఆల్' అన్న మాట. ఆ 'ఆల్' ముందు అలలాంటి గీత పెడితే మిగతావాళ్ళని అనుమానంగా చూడమని, అడ్డగీత పెడితే తోసెయ్యమని. కొత్తల్లో అల గీతే మంచిది. జాబితా కూడా చాంతాడంత పెంచకూడదు. అది చదవడానికి పదిసార్లకు మించి వేరేచోట్ల వెతకాల్సి వస్తే, చెల్లదని పక్కన పెట్టేస్తారు.

డీకిమ్ లక్క సీలు లాంటిది. వెనకటికి రిజిస్టర్డు కవర్ల మీద ఎర్రటి లక్క పోసి ముద్ర కొట్టేవారు, గుర్తుందా? అలాగే ప్రతి బిల్లు మీద సాఫ్ట్‌వేర్ కంటికి కనపడని ముద్ర వేస్తుంది. ఆ ముద్ర అసలుదో కాదో సరిచూసుకునే నమూనా మన డీఎన్ఎస్‌లో ఉంటుంది. దారిలో ఎవరైనా బ్యాంకు ఖాతా నంబరు మార్చారనుకోండి, సీలు చెదిరిపోయి దొరికిపోతారు. నమూనా అంటే బారెడు అక్షరాలూ అంకెలూ. మా అబ్బాయి దాన్ని వాట్సాప్‌లో పంపితే మధ్యలో ఎక్కడో ఖాళీ పడి పనిచెయ్యలేదు. కంప్యూటర్లోనే ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి కాపీ చేసుకోండి. ఇంకో చిక్కు, చీటీ పేరు రాసేచోట సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు కొట్టు పేరుతో సహా పూర్తిగా రాశాను. డొమైన్ ఖాతావాళ్ళు చివర కొట్టు పేరు వాళ్ళంతట వాళ్ళే తగిలిస్తారట. ఇంటిపేరు రెండుసార్లు రాసినట్టయి ఎవరికీ దొరకలేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు నమూనా అంతా ఇవ్వకుండా 'మా దగ్గర చూసుకోండి' అని దారి చూపే సీ-నేమ్ చీటీ ఇస్తాయి. అది ఇంకా తేలిక. ఏది మార్చినా లోకమంతా పాకడానికి నిమిషాల నుంచి ఒకటి రెండు రోజుల దాకా పట్టొచ్చు, వెంటనే రాలేదని మళ్ళీ మళ్ళీ కెలకకండి.

ఇక్కడ నాకొక సందేహం వచ్చింది. జాబితా ఉందిగా, సీలెందుకు అని. మా వాడు చెప్పినది బాగా నచ్చింది. ఉత్తరానికి రెండు పేర్లుంటాయట. లోపల కాగితం మీద మన కొట్టు పేరు, కవరు వెనక 'అందకపోతే ఇక్కడికి తిప్పండి' అనే చిరునామా. జాబితా చూసేవాడు కవరు వెనక పేరే చూస్తాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు అక్కడ తమ పేరే వేసుకుంటాయి. అంటే జాబితా పరీక్షలో వాళ్ళు పాసవుతారు, మనకి ఒరిగేదేమీ లేదు! మన పేరున పడే సీలే మనల్ని కాపాడుతుంది. పైగా ఎవరైనా తమ పాత మెయిల్‌కొచ్చిన ఉత్తరం కొత్తదానికి మళ్ళించుకుంటే, తెచ్చే మనిషి మారిపోయి జాబితా చెల్లదు. కానీ ఉత్తరం మారనంతవరకు సీలు చెదరదు. కాబట్టి ఒక్కటే చేసే ఓపిక ఉంటే సీలు చెయ్యండంటాను నేను.

ఇక డీమార్క్. కాగితం మీది పేరుతో ఆ రెంటిలో ఒక్కటైనా కలవకపోతే ఏం చెయ్యాలో మనమిచ్చే ఉత్తర్వు. ఊరికే గమనించు, స్పామ్‌లో వెయ్యి, తిప్పికొట్టు అని మూడు మెట్లు. నేను ఉత్సాహం కొద్దీ మూడో మెట్టు ఎక్కబోతే మా వాడు ఆపాడు. మొదటి మెట్టు మీదే ఆరు వారాలున్నాం. మన పేరుతో ఎవరెవరు ఉత్తరాలు తెస్తున్నారో రోజూ లెక్కలొస్తాయి. అవి చదవబోతే కళ్ళు తిరుగుతాయి. చదివిపెట్టే ఉచిత సేవలున్నాయి, అందులో వేసుకున్నాం. చూస్తే, మా వెబ్‌సైటులో 'మాకు రాయండి' అన్న కాగితం కూడా మా పేరుతోనే ఉత్తరాలు పంపుతోంది, దానికి ఏ చీటీ లేదు! మొదటిరోజే తిప్పికొట్టమని ఉంటే కొత్త ఆర్డర్లే వచ్చేవి కావు. దాన్ని సరిచేసుకుని, ఆ తర్వాతే రెండో మెట్టుకి వెళ్ళాం.

సొంత డొమైన్ లేదు, జీమెయిల్, యాహూ పేరుతోనే సాఫ్ట్‌వేర్‌లోంచి పంపుతున్నాం అనేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మా పేరుతో బయటివాళ్ళు తెచ్చినవి తిప్పికొట్టండని యాహూవాళ్ళు 2014 ఏప్రిల్‌లోనే లోకానికి చెప్పేశారు. అలాంటివాళ్ళు సాఫ్ట్‌వేర్ పోస్టు వాడకుండా, తమ మెయిల్ పెట్టెలోంచే వెళ్ళేట్టు సెట్టింగు మార్చుకోవచ్చు. జీమెయిల్ అయితే ముందు రెండంచెల తాళం పెట్టుకుని, పదహారక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకుని అది ఇవ్వాలి. మన అసలు పాస్‌వర్డు ఇవ్వకూడదు. పోర్టు అంటే సాధారణంగా 587. ఉచిత జీమెయిల్‌కి రోజుకి అయిదు వందల దాకానే హద్దు. పచ్చళ్ళ కొట్టుకి బోలెడు.

ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడాలిగా

అన్నీ అతికించాక నా జీమెయిల్‌కే ఒక ఉత్తుత్తి బిల్లు పంపుకున్నాను. ఫోనులో కాదు, కంప్యూటర్లో ఆ ఉత్తరం తెరిచి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే 'షో ఒరిజినల్' అని ఉంటుంది. అది నొక్కితే పైన ఒక పట్టీ వస్తుంది. ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడిటి ఎదురుగా 'పాస్' అని ఉండాలి. మొదటిసారి నాకు రెండు ఫెయిల్. ఇంటర్‌లో లెక్కల పేపరు గుర్తొచ్చింది! నాలుగోసారికి మూడూ పాసయ్యాయి. ఆ కాగితం ప్రింటు తీసి పూజగదిలో పెట్టలేదు గానీ, పెట్టాలనిపించింది. ఇంకో మాట, ఒక్క జీమెయిల్‌కే పంపి ఊరుకోకండి. యాహూ, ఔట్‌లుక్ ఉన్న చుట్టాలకీ ఒక్కొక్కటి పంపి అడగండి.

తిరిగొచ్చిన ఉత్తరాలు చదవకుండా పారెయ్యొద్దు. నేను రెండేళ్ళు అదే చేశాను, అర్థంకాని ఇంగ్లీషని. అందులో నంబరు ఒకటుంటుంది. నాలుగుతో మొదలైతే కంగారక్కర్లేదు, కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తారు. అయిదుతో మొదలైతే ఇక పోదు. 5.1.1 అంటే ఆ చిరునామాలో మనిషే లేడు, అక్షరం తప్పు పడి ఉంటుంది. జీమెయిల్ నుంచి 5.7.26 అని వస్తే, నువ్వెవరో రుజువు లేదు అని. నా గాలిలో కలిసిపోయిన నాలుగు బిల్లుల్లో మూడింటికి ఆ నంబరే వచ్చి ఉంది. జవాబు నా పెట్టెలోనే ఉంది, నేనే చూళ్ళేదు!

చీట్లన్నీ ఉన్నా పాడుచేసుకునే దారి ఇంకొకటి ఉంది. 2025 సంక్రాంతికి మా అబ్బాయి పాత కొనుగోలుదారులందరికీ శుభాకాంక్షలు, తగ్గింపు ధరలు ఒకేసారి పంపుదామన్నాడు. అడగని ఉత్తరం వస్తే విసుక్కుని 'ఇది స్పామ్' అని నొక్కేవాళ్ళుంటారు. వెయ్యి ఉత్తరాలకు ముగ్గురు అలా నొక్కే దాకా తెచ్చుకోవద్దంటుంది గూగుల్, ఒకరి లోపే ఉంటే మంచిదట. ఆ కోపం మన బిల్లుల మీద కూడా పడుతుంది. అందుకని శుభాకాంక్షలు, కావాలన్నవాళ్ళకే, వేరే చిరునామా నుంచి, 'ఇక వద్దు' అని నొక్కే లింకు పెట్టి పంపాం. బిల్లు పంపే చిరునామా బిల్లులకే.

ఇదంతా చేసిపెట్టడానికి సాఫ్ట్‌వేర్ వాళ్ళు విడిగా డబ్బడిగారు. చీట్లు అతికించడానికి నాకు పైసా ఖర్చు కాలేదు. మూడు ఆదివారాలు, మా అక్క కొడుక్కి రెండుసార్లు గుత్తివంకాయ కూర, అంతే. అయితే కాయ మార్కెట్లోకి వచ్చాక పెట్టుకోకండి, అప్పుడు ఊపిరి సలపదు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో చూసుకోండి.

2025 ఏప్రిల్‌లో ఆ హైదరాబాదు ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. అమ్మాయి శ్రావణ మాసపు సారెకట. నేను చెప్పుకున్నదంతా విని నవ్వింది. బిల్లు పంపాను, టిక్కు పడింది. అయినా నా మనసు ఊరుకోక పావుగంటకి ఫోన్ చేశాను.

"బిల్లు చేరిందా, వదినగారూ?"

"చేరిందమ్మా, ఇన్‌బాక్సులోనే ఉంది. కానీ మాగాయ రెండు కిలోలు రాయడం మర్చిపోయావు, చూసుకో!"